దాచుకుంటే మిగిలేది ఎంత? పేటెంటు దరఖాస్తుల మీద మన గ్రూపుల్లో తిరుగుతున్న మాటకు జవాబు

పొడుగు పోస్టు, ముందే చెప్తున్నాం. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

వారం రోజుల నుంచి మన గ్రూపుల్లో ఒక కాక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. షోలాపూర్‌లో మొదలైంది, భీమండి పోయింది, అక్కడి నుంచి సూరత్, బరంపురం గ్రూపుల దాకా పోయిందట. కాక అంటున్నది ఇది: "పేటెంటు వేస్తే సర్కారు మన గుట్టంతా తీసి నెట్‌లో పెడుతుంది. దేశంలో ఎవడైనా చూసి చేసుకోవచ్చు. మనోడొకడు వేసి మునిగిపోయిండు. ఇంక మనవాళ్ళు ఎవరూ వేయొద్దు. పేటెంటు చేతికి వచ్చేదాక దరఖాస్తు మూసి పెట్టాలె, లేకుంటే ఆ చట్టమే మనకొద్దు."

కాక మీద మాకు గౌరవం ఉంది. నలభై ఏండ్లు సాంచాలు నడిపిన మనిషి. ఆయన బాధ నిజం, ఆ పిల్లగాడు మునిగిన మాటా నిజం. కాని ఎందుకు మునిగిండు అన్న దగ్గర కాక చెప్పింది తప్పు. ఆ తప్పు మాట ఇట్లాగే ఊరూరా తిరిగితే ఇంకో పది మంది పిల్లలు అదే గుంతలో పడతారు. అందుకే సంఘంలో కూర్చుని, కాయితాలు ముందు పెట్టుకుని, ఇది రాస్తున్నాం.

ముందు జరిగిన సంగతి. పేర్లు రాయం.

మన గల్లీలోనే పెరిగిన పిల్లగాడు. అవ్వ బీడీలు చుట్టింది, నాయిన తువాళ్ళ కార్ఖానాలో జాబర్. తువాలు సాంచాకు రెండు బీములు ఉంటాయని ఈ పోస్టు చదివే సగం మందికి తెలుసు, మిగతావాళ్ళ కోసం చెప్తాం. ఒక బీము గుడ్డ నేసే పడుగుది, ఇంకొకటి పైన కుచ్చులు లేపే పడుగుది. కుచ్చు బీము ఖాళీ అవుతున్న కొద్దీ బిగువు మారుతుంది. పాత సాంచాల్లో అయితే ఒక దగ్గర కుచ్చు పొడుగు, ఒక దగ్గర పొట్టి. అట్లా పడిన తువాలు సెకండ్స్‌లోకి పోతుంది, రేటు పడిపోతుంది. ఈ పిల్లగాడు ఒక స్ప్రింగు, ఒక మీట, ఒక చిన్న చక్రం పెట్టి, బీము సన్నబడుతుంటే బిగువు తనంత తానే సర్దుకునే అమరిక చేసిండు. కొత్త సాంచాలకు ఇట్లాంటివి ఎలక్ట్రానిక్‌లో ఉన్నాయి, లక్షల మాట. ఇతనిది లేత్ మీద చేయించుకునే సరుకు, నాలుగైదు వేలలో అయిపోతుంది. ఆరు సాంచాలకు బిగించి చూసిండు. పనిచేసింది.

2021 ఫిబ్రవరిలో ఒక ఏజెంటు దగ్గర దరఖాస్తు వేసిండు. ఆ ఏజెంటు డబ్బు తీసుకుని, నంబరు ఉన్న రసీదు చేతిలో పెట్టి, "అయిపోయింది తమ్మీ, పేటెంటు నీదే, ఎవరికీ కనపడదు" అన్నడు. రెండూ అబద్ధాలే. పేటెంటు అతనిది కాలేదు. ఎవరికీ కనపడకుండానూ ఉండలేదు. 18 నెలల తర్వాత, చట్టం ప్రకారం, దరఖాస్తు జర్నల్‌లో అచ్చయింది. ఇక ఆ దరఖాస్తును ఆఫీసు వాళ్ళు పరీక్ష చెయ్యాలంటే మనం విడిగా ఇంకో ఫారం ఇచ్చి అడగాలి. అప్పటి లెక్కలో 48 నెలల గడువు. వ్యక్తులకు రుసుము 4,000 రూపాయలు. ఆ మాట ఎవరూ అతనికి చెప్పలేదు. 2025 ఫిబ్రవరితో గడువు పోయింది. అడగని దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే చట్టం లెక్క కడుతుంది. అంటే నాలుగేండ్ల కింద కట్టిన పైసలు పోయినై, ఆలోచన లోకం ముందు ఉంది, హక్కు ఎవరికీ లేదు.

ఆ తర్వాత తెలిసింది, వేరే ఊర్లో ఒక వర్క్‌షాపు వాడు అదే అమరిక చేసి అమ్ముతున్నడని.

కాక ఇక్కడికి వచ్చి ఆగి, "చూసిండ్రా, అచ్చు వేసిండ్రు, ఎత్తుకపోయిండ్రు" అంటున్నడు. మేము ఒక అడుగు ముందుకు పోయినం. మా వాళ్ళు ఇద్దరు ఆ ఊరు పోయి వర్క్‌షాపు వానితో మాట్లాడిండ్రు. వానికి జర్నల్ అనేది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. మరి ఎట్లా చేసినవయ్యా అంటే, మన కార్ఖానా నుంచి పని మానేసి పోయిన జాబర్ ఒకాయన బొమ్మ గీసి ఇచ్చిండట. ఆరు సాంచాలకు బిగించి, పగలూ రాత్రీ రెండు పాళీల మనుషుల కండ్ల ముందు తిరుగుతున్న అమరికకు గుట్టు ఎక్కడిది? జర్నల్ అచ్చయినా కాకున్నా అది పోయేదే. పోయినప్పుడు ఆపే కాయితం మాత్రం ఉండవలసింది. అది లేకుండా పోయింది జర్నల్ వల్ల కాదు, 4,000 రూపాయల ఫారం వల్ల.

ఇప్పుడు చట్టంలో ఏముందో చూద్దాం. చట్టం అంటే భయపడకండి, మన సంఘం బైలాల కంటే ఇదే నయం.

దరఖాస్తు వేసిన రోజు నుంచి 18 నెలలు అది మూతలోనే ఉంటుంది. ఆఫీసు వాళ్ళు ఎవరికీ చూపరు. ఆ తర్వాత పేటెంటు ఆఫీసు అధికారిక జర్నల్‌లో వస్తుంది. ఆ జర్నల్ ప్రతి శుక్రవారం వెలువడుతుంది, నెట్‌లో ఎవరైనా ఉచితంగా తెరిచి చూడవచ్చు. అందులో పేరు, ఊరు, ఏం కనిపెట్టిండో నాలుగు మాటల్లో సారం ఉంటాయి. పూర్తి వివరం ఆఫీసు వెబ్‌సైటులో దొరుకుతుంది. తొందరగా అచ్చు కావాలనుకునే వాళ్ళు వేరే ఫారం పెట్టి, రుసుము కట్టి, నెలలోపే వేయించుకోవచ్చు. వేయించుకునే వాళ్ళు ఉన్నారు కూడా. ఎందుకో ఇప్పుడు చెప్తాం.

అచ్చయిన రోజు నుంచి దరఖాస్తుదారుకు, పేటెంటు వచ్చినవానికి ఉండే హక్కుల్లాంటివే ఉంటాయని చట్టం 11ఎ సెక్షన్ అంటుంది. ఒక్క మెలిక ఉంది: పేటెంటు నిజంగా చేతికి వచ్చేదాకా కోర్టుకు పోలేడు. వచ్చినాక మాత్రం, అచ్చయిన నాటి నుంచి ఎవడెవడు తన పని ఎత్తుకుని అమ్మిండో వాని మీద నష్టం అడగవచ్చు. అంటే అచ్చు వేయడం కుండ పగలగొట్టడం కాదు, పొలానికి హద్దురాయి పాతడం. రాయి పాతిన దినం నుంచి లెక్క మొదలు. మన పిల్లగాడు ఆ ఫారం సమయానికి ఇచ్చి, పేటెంటు తెచ్చుకుని ఉంటే, 2022 ఆగస్టు తర్వాత అమ్ముడుపోయిన ప్రతి నకలు మీద మాట్లాడే నోరు అతనికి ఉండేది.

అసలు పేటెంటు అన్న మాటకే అర్థం తెరిచిన లేఖ అని. పాత రోజుల్లో రాజు ముద్ర వేసి, మడత పెట్టి అంటించకుండా, నలుగురూ చదివేటట్టు ఇచ్చే ఉత్తరం అది. నువ్వు నీ పని నేర్పు లోకానికి చెప్పు, బదులుగా లోకం నీకు కొన్నేండ్లు ఒక్కనికే హక్కు ఇస్తుంది. ఇప్పుడు దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏండ్లు. బేరం ఇంతే. చెప్పను గాని హక్కు ఇవ్వు అనేవాడు బేరం ఆడుతలేడు, దబాయిస్తున్నడు.

"చెప్తాం, కాని పేటెంటు వచ్చినాక చెప్తాం, అప్పటిదాక మూసి పెట్టండి" అనేది కాక మాటలో కాస్త బలమున్న భాగం. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. మన దేశంలోనూ మొదట అట్లాగే ఉండేది. 1970 చట్టం వచ్చినప్పుడు దరఖాస్తు ఆఫీసు ఆమోదం పొందేదాకా బయటికి వచ్చేది కాదు. 18 నెలల పద్ధతి 2002 సవరణతో వచ్చి 2003 మే నుంచి అమలైంది. అమెరికాలో అయితే 2000 నవంబరు దాకా పేటెంటు ఇచ్చే రోజు వరకూ అంతా మూతే. దాన్ని మార్చబోతే అక్కడ పెద్ద గొడవ జరిగింది. 1997లో ఫ్రాంకో మోడిగ్లియానీ సహా ఇరవై మందికి పైగా నోబెల్ గ్రహీతలు, చిన్న ఆవిష్కర్తలు దెబ్బతింటారని సెనేటుకు బహిరంగ లేఖ రాసిండ్రు. కాబట్టి కాక ఒంటరివాడేం కాదు, ఆయన పక్కన నోబెల్ వాళ్ళు ఉన్నారు. చివరికి అక్కడ సర్దుబాటు చేసుకున్నరు: విదేశాల్లో వేయకుండా అమెరికాలో మాత్రమే వేసేవాడు అడిగితే, పేటెంటు ఇచ్చేదాకా అచ్చు వెయ్యరు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు.

లేకపోవడమే మంచిదని మేము అంటున్నం. ఎందుకో ఒక కార్ల కథ చెప్తాం.

అమెరికాలో రాచెస్టర్ అనే ఊర్లో జార్జి సెల్డన్ అని ఒక వకీలు. 1879లో, ఇంకా ఎవరూ కార్లు అమ్మని కాలంలో, పెట్రోలు ఇంజనుతో నడిచే బండికి పేటెంటు దరఖాస్తు వేసిండు. అప్పటి చట్టంలో పేటెంటు ఇచ్చిన రోజు నుంచి 17 ఏండ్లు హక్కు. దరఖాస్తు ఎన్నేండ్లు నానినా నష్టం లేదు, బయటివాళ్ళకు తెలియదు. వకీలు కదా, ఆఫీసు నుంచి వచ్చే ప్రతి ఉత్తరానికి గడువు చివరి దాకా ఆగి జవాబిచ్చిండు. సవరించుకుంటూ, సాగదీసుకుంటూ 16 ఏండ్లు నడిపిండు. ఈలోపు ఎవరి తిప్పలు వాళ్ళు పడి కార్లు చెయ్యడం నేర్చుకున్నరు. 1895లో సెల్డన్ పేటెంటు బయటికి తీసిండు. ఇక చూడండి, కార్లు చేసేవాళ్ళంతా అతనికి బాకీ పడ్డరు! 1903లో పెద్ద కంపెనీలు ఒక కూటమి కట్టి, అమ్మిన ప్రతి కారు మీద రాయల్టీ కట్టుకుంటూ, కూటమిలో లేనివాళ్ళను కోర్టుకు ఈడ్చిండ్రు. హెన్రీ ఫోర్డ్ ఎదురు తిరిగి ఏండ్ల తరబడి కొట్లాడితే, 1911లో పై కోర్టు ఫోర్డ్ కార్లు ఆ పేటెంటు కిందికి రావని తేల్చింది. ఫోర్డ్ దగ్గర పైసలున్నై, కొట్లాడిండు. పైసలు లేనివాళ్ళు కట్టిండ్రు.

నీళ్ళ కింద దాగి, ఓడలు దగ్గరికి వచ్చినాక పైకి లేచే జలాంతర్గామి పేరు పెట్టిండ్రు ఆ జాతి పేటెంట్లకు. మూత ఉంటే లాభం ఎవరికో ఇప్పుడు చెప్పండి. ఆరు సాంచాల మనిషికా, పదహారేండ్లు వకీలును పోషించగలిగే మనిషికా?

అంత దూరం ఎందుకు, మన బజారులోనే జరిగింది. మూడేండ్ల కింద ఒక పెద్ద వ్యాపారి, పేరు అనవసరం, ఒక రకం అంచు నేత "మాకు పేటెంటు ఉంది" అని చిన్న కార్ఖానాల వాళ్ళకు వకీలు నోటీసులు పంపిండు. మనవాళ్ళు ఇద్దరు భయపడి సాంచాలు ఆపుకున్నరు. పండుగ ముందు. సరుకు ఆర్డరు వాపస్ పోయింది. ఒకామె, భర్త చనిపోయి తానే ఎనిమిది సాంచాలు చూసుకుంటున్నది, నోటీసు పట్టుకుని సంఘానికి వచ్చింది. "అన్నా, ఇది నిజమేనా, నేను జైలుకు పోతనా" అని అడిగింది. మా దగ్గర ఉన్న ఇంజనీరింగు పిల్లలు నోటీసులో నంబరు తీసుకుని పేటెంటు ఆఫీసు సైటులో కొట్టిండ్రు. పది నిమిషాల పని. పేటెంటు లేదు, గిటెంటు లేదు. ఉత్త దరఖాస్తు. అచ్చయింది, ఇంకా పరీక్షే కాలేదు. పైగా చదివితే, వాడు కొత్తది అంటున్న అంచు మన పెద్దలు చాదర్లకు ఎప్పటి నుంచో వేస్తున్నదే. పేటెంటు రాకముందే ఉంది అని చెప్పుకోవడం కూడా చట్టం ప్రకారం జరిమానా పడే తప్పు. మేము జవాబు రాసి పంపినం. మళ్ళీ నోటీసు రాలేదు.

ఆ దరఖాస్తు కాక కోరినట్టు మూతలో ఉండి ఉంటే? ఆ అమ్మకు మేము ఏమని చెప్పేవాళ్ళం? "అమ్మా, వాడు నిజం చెప్తున్నడో అబద్ధం చెప్తున్నడో తెలుసుకునే దారి లేదు, ఎందుకైనా మంచిది ఆపుకో" అనేవాళ్ళం. దాచే చట్టం నోటీసు ఇచ్చేవానికి చుట్టం, నోటీసు అందుకునేవానికి కాదు. మన వాళ్ళలో నోటీసు ఇచ్చేవాళ్ళు ఎందరు, అందుకునేవాళ్ళు ఎందరు? కాకా, మీరే లెక్క చెప్పండి.

ఇంకొక పెద్ద సంగతి ఉంది, ఇది సాంచాలది కాదు, ప్రాణాలది. అచ్చయిన దరఖాస్తు మీద, పేటెంటు ఇవ్వకముందే, ఎవరైనా సరే అభ్యంతరం పెట్టవచ్చు. చట్టంలో మాట "ఎవరైనా" అనే ఉంది. కంపెనీ కానక్కర లేదు, డిగ్రీ అక్కర లేదు. ఆ అవకాశం ఉండాలనే, అచ్చయిన ఆరు నెలల లోపు పేటెంటు ఇవ్వకూడదని నియమం పెట్టిండ్రు. మందులు లొంగని టీబీకి బెడాక్విలిన్ అని ఒక మాత్ర ఉంది. అసలు పేటెంటు 2023 జూలైలో అయిపోతుంటే, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ మందు లవణ రూపం మీద ఇంకో దరఖాస్తుతో 2027 దాకా పొడిగించుకోవాలని చూసింది. దాన్ని 2019లో అడ్డుకున్నది ఎవరు? టీబీ బారిన పడి బతికి బయటపడిన ఇద్దరు ఆడపిల్లలు, ముంబయి నుంచి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా నుంచి ఫుమెజా టిసిలే. పాత టీబీ మందుల విషానికి ఇద్దరూ వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు ఆ దరఖాస్తును తిరస్కరించింది. బీడీ ఆకు, దూది దుమ్ము మధ్య బతికిన మన గల్లీల్లో టీబీ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర లేదు. దరఖాస్తు మూతలో ఉంటే ఆ ఇద్దరూ దేని మీద అభ్యంతరం పెట్టేవాళ్ళు?

పసుపు సంగతి అందరికీ తెలుసు గాని, సగమే తెలుసు. గాయానికి పసుపు అద్దడం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చిండ్రు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు పట్టుకపోయి 1997లో రద్దు చేయించింది. అందరం చప్పట్లు కొట్టినం. కాని అడగవలసిన ప్రశ్న ఇది: ఇచ్చేదాక ఎందుకు ఆగినం? ఆగలేదు, తెలియలేదు. అప్పటి అమెరికా చట్టంలో దరఖాస్తు మూతలో ఉంది. ఇచ్చినాక గాని బయటపడలేదు. ఇచ్చినదాన్ని రద్దు చేయించడం ఇల్లు కట్టినాక గోడ పడగొట్టడం లాంటిది. ముగ్గు పోసేటప్పుడే "అయ్యా, ఇది మా జాగా" అంటే ఖర్చు తక్కువ. 2001లో మన సర్కారు సంప్రదాయ జ్ఞానానికి ఒక డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఇప్పుడు పరాయి దేశాల్లో మన వైద్యం మీద ఎవరైనా దరఖాస్తు వేస్తే, అచ్చయిన వెంటనే పట్టుకుని ముందే రుజువులు పంపుతున్నరు. అచ్చు లేకుంటే ఆ పనీ లేదు.

ఇంత చెప్పినాక, కాక మాటలో నిజం ఉన్నచోట ఒప్పుకోవాలి కదా. ఒప్పుకుంటాం.

అన్నీ పేటెంటు వేయదగినవి కావు. మన అద్దకం వాళ్ళలో ఒక కుటుంబం ఉంది, ఎరుపులో ఒక ఛాయ తెస్తారు, ఎన్ని ఉతుకులకూ పోదు. గుడ్డ చేతిలో పెట్టుకున్నంత మాత్రాన ఏ పాలు ఎంత, ఏ వేడికి ఎంతసేపు అన్నది బయటపడదు. అట్లాంటిది దాచుకోండి, దరఖాస్తు వేయకండి. వేస్తే 20 ఏండ్ల హక్కు, దాచగలిగితే మూడు తరాలు. చూస్తే తెలిసిపోయేదాన్ని దాస్తాననడం, దాచగలిగేదాన్ని అచ్చు వేయించడం, రెండూ తెలివితక్కువ పనులే.

వేసినాక మనసు మారిందా? దానికీ దారి ఉంది, ఇది చాలామంది ఏజెంట్లు చెప్పరు. 18 నెలలు నిండడానికి 3 నెలల ముందు, అంటే 15 నెలల లోపు, దరఖాస్తు వెనక్కి తీసుకుంటే అది అచ్చు కాదు. గుట్టు గుట్టుగానే ఉంటుంది. తాత్కాలిక వివరంతో దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరం ఇవ్వకపోయినా అది అక్కడే రాలిపోతుంది, జర్నల్‌కు ఎక్కదు. అంటే సర్కారు మనల్ని అడగకుండా గుట్టు రట్టు చేస్తలేదు. ఏడాది పైన టైము ఇస్తుంది: సరుకు అమ్ముడుపోతుందా, పైసలు పెట్టేవాడు దొరుకుతాడా, పరాయి దేశంలోనూ వేయాలా అని ఆలోచించుకోవడానికి. పరాయి దేశాల్లో వేసుకునేందుకు మొదటి దరఖాస్తు నుంచి 12 నెలలు ఉంటాయి, ఆ 12 మీద ఇంకొన్ని నెలలు కలిపితే 18 అయింది. నోటికొచ్చిన అంకె కాదది. మన పిల్లగానికి ఆ 15 నెలల సంగతీ ఎవరూ చెప్పలేదు.

సర్కారును వెనకేసుకొస్తున్నం అనుకోకండి. మాకున్న కోపం అక్కడా ఉంది.

జర్నల్ అందరికీ తెరిచే ఉంది, సరే. ఏ భాషలో? దరఖాస్తు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి. బయట కనిపించేది ఎక్కువగా ఇంగ్లీషే, అదీ వకీళ్ళ ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ చదివిన మన సాంచా మనిషికి ఆ తలుపు తెరిచి ఉన్నా ఒకటే, మూసి ఉన్నా ఒకటే. చెన్నైలో తెలుగుకూ తమిళం బడికీ మధ్య పెరిగినవాళ్ళకు, బరంపురంలో ఒడియా బడికి పోయినవాళ్ళకు, కోలారులో కన్నడ బడికి పోయినవాళ్ళకు ఇదే కథ. ఒక్క సారాంశమైనా, ఆ నాలుగు వాక్యాలైనా, ఈ దేశపు భాషల్లో వేస్తే ఏం పోయింది? ఇంత కంప్యూటరు అనువాదం వచ్చినాక కూడా!

రెండోది ఇంకా ఘోరం. పేటెంటు ఇవ్వకముందు అభ్యంతరం పెట్టడానికి 2024 దాకా రుసుము లేదు. ఆ ఏడు మార్చిలో వచ్చిన సవరణ నియమాల్లో రుసుము పెట్టిండ్రు. అంతే కాదు, నీ అభ్యంతరం వినదగినదా కాదా అని ముందు అధికారి తేల్చాలట, ఆ తర్వాతే లోపలికి. అదే సవరణలో, పరీక్ష అడిగే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గించిండ్రు. ఇది కొత్త దరఖాస్తులకు. దయచేసి రాసి పెట్టుకోండి, 31. జనం చూడాలని అచ్చు వేసి, చూసి మాట్లాడబోయే జనం దగ్గర గేటు పైసలు వసూలు చెయ్యడం ఏం న్యాయం? కొట్లాడదలుచుకుంటే కాకా, ఇదిగో ఇక్కడ కొట్లాడుదాం. మూత వెయ్యమని కాదు, గేటు తీయమని. మీరు ముందు నడవండి, మేమంతా మీ వెనక వస్తాం.

ఇక మన తప్పు. ఇది రాయకుంటే మిగతాదంతా రాసి లాభం లేదు. మార్కండేయ రథోత్సవం రోజుల్లో మన సంఘం తరఫున ప్రదర్శన పెడతాం కదా, కొత్త సాంచా పనిముట్లు, కొత్త నమూనాలు. పిల్లలు ఏం చేస్తే అది తెచ్చి బల్ల మీద పెట్టమంటాం, ఫోటోలు తీసి గ్రూపుల్లో వేస్తాం, శాలువా కప్పుతాం. దరఖాస్తు వేయకముందే నలుగురికీ చూపిస్తే కొత్తదనం పోయినట్టే అని చట్టం అంటుంది. కేంద్ర సర్కారు ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు ఉంది, మన మండపానికి లేదు. అంటే సర్కారు 18 నెలలు దాచే గుట్టును మనమే శాలువా కప్పి మొదటి రోజే బయట పెడుతున్నం, ఆ తర్వాత సర్కారును తిడుతున్నం. ఈ పిల్లగాడు అదృష్టం కొద్దీ దరఖాస్తు తర్వాతే మన బల్ల మీద పెట్టిండు. ముందటి ఏడు ఇంకొకరు అట్లా కాదు. ఆయనకు మేము క్షమాపణ బాకీ ఉన్నాం.

తెలంగాణలో చింతకింది మల్లేశం గారు ఉన్నారు కదా. తల్లి చేతులు నొప్పి పెడుతుంటే చూడలేక ఆసు మిషను చేసి, 1999లో నడిపించి, దాని మీద పేటెంటు తెచ్చుకుని, 2017లో పద్మశ్రీ అందుకున్నరు. ఆయన మీద సినిమా వస్తే మన షోలాపూర్ వాళ్ళం ఏడ్చుకుంటూ చూసినం. సినిమా చూసి ఏడ్చినోళ్ళం, ఆయన దరఖాస్తు కాయితం ఎట్లా నడిపించుకున్నరో ఒక్కరమూ అడిగి తెలుసుకోలేదు.

అందుకని ఒక పని మొదలుపెడుతున్నం. ప్రతి శుక్రవారం జర్నల్ వస్తుంది. వర్గాల వారీగా నంబర్లు ఉంటాయి, నేతకు డి03 అని. అందులో సాంచాల వివరాలకు డి03డి. వారానికి ఆ గుర్తు కింద వచ్చేవి గంటలో చూసెయ్యవచ్చు. ఇద్దరు ఇంజనీరింగు పిల్లలు, ఒక టెక్స్‌టైల్ డిప్లొమా అమ్మాయి ఒప్పుకున్నరు. వాళ్ళు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్తారు, పెద్దలు విని "ఇది మా తాత కాలం నుంచి ఉన్నదే" అనో "ఇది నిజంగా కొత్తదే" అనో చెప్పాలి. పాతదే అయితే అభ్యంతరం రాద్దాం, రుసుము సంఘం కడుతుంది. రెండో పుస్తకంలో మన వాళ్ళ దరఖాస్తులు రాసి పెడతాం: వేసిన తేదీ, 15 నెలలు ఎప్పుడు, 18 ఎప్పుడు, 31 ఎప్పుడు. ఏజెంటు చెప్పినా చెప్పకున్నా మన వాళ్ళు ఫోను చేస్తారు. షోలాపూర్, భీమండి వాళ్ళవి ముంబయి ఆఫీసుకు పోతాయి. కర్ణాటక, తమిళనాడు, యానాం వాళ్ళవి చెన్నైకి, ఒడిశా వాళ్ళవి కోల్‌కతాకు. జర్నల్ మాత్రం అందరికీ ఒకటే, కాబట్టి ఆ ఊళ్ళ సంఘాల వాళ్ళూ కలిస్తే పని పంచుకోవచ్చు. బరంపురం వాళ్ళు పట్టు నేత చూసుకుంటాం అని ఇప్పటికే ఫోను చేసిండ్రు.

మొదటిసారి వచ్చే శుక్రవారం సాయంత్రం 7 గంటలకు, సంఘం మేడ మీది గదిలో. ఆ పిల్లగాడు వస్తనన్నడు. హక్కు పోయినా, తన దరఖాస్తులో బిగువు అమరిక ఎట్లా రాసిండో అందరికీ చదివి చెప్తనన్నడు. దాని మీద మెరుగుపెట్టి ఇంకొకటి చేస్తున్నడట, ఈసారి ఫోటోలు తియ్యనివ్వడట. కాక కూడా రావాలని కోరుతున్నం. మెట్లు ఎక్కలేనంటే కిందనే కుర్చీలు వేస్తాం.